బరి విడిచిన మల్లుని కండలు

ఉత్తరాంధ్రలోని వీరఘట్టమున 1882లో జన్మించిన కోడి రామమూర్తినాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచెడివారు. అట్టి మల్లుడు కుస్తీ మానిన పిమ్మట ఆ కండలేమగును? "కొవ్వుగా మారును" అని పలువురు చెప్పుదురు. ఇది పొరపాటు. కండ ఒక కణజాలము, కొవ్వు వేరొక కణజాలము. ఒకటి రెండవదిగా మారదు.

నిజమునకు జరుగునది ఇది. సాధన ఆగగానే పనిలేని కండర తంతువులు క్రమముగా సన్నబడును. కాని అలవాటైన తిండి అంత త్వరగా తగ్గదు. రోజునకు 500 కిలో కేలరీలు మిగిలినవనుకొందము. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీలుండును. మిగిలినదంతయు కొవ్వుగా నిలువయైనచో, సుమారు 15 రోజులకొక కిలో చేరును!

జపాను సుమో మల్లులే దీనికి నిదర్శనము. సాధన చేయునంతకాలము వారి కొవ్వు ఎక్కువగా చర్మము క్రిందనే యుండును. సాధన మాని, తిండి మానకున్నచో, అది కడుపులోని అవయవముల చుట్టును పేరుకొనును. అప్పుడు ఇన్సులిన్ పని మందగించును, మధుమేహము పొంచియుండును.

కనుక మల్లుడు బరిని విడువవచ్చును గాని వ్యాయామమును విడువరాదు. తిండి తగ్గించి, నడకను, కొద్దిపాటి బరువులెత్తుటను కొనసాగింపవలెను. పొలము పనులు మాని కూర్చున్న పల్నాటి రైతుకును, ఆటలు మానిన విద్యార్థికిని ఇదే సూత్రము వర్తించును.