కీబోర్డు వెనుక ఉన్న మనిషి

మీట నొక్కితే తాళం మోగుతుంది. ఇంకో మీట నొక్కితే వయొలిన్, మరొకటి నొక్కితే పిల్లనగ్రోవి. ఈనాడు పల్లెటూరి ఆలయాల్లో కూడ కీబోర్డు కొత్త వస్తువు కాదు. అయినా పెద్దల్లో కొందరు "ఇది నిజమైన వాద్యమేనా?" అని అడుగుతూనే ఉంటారు. పిల్లలేమో "ఇందులో తబలా ఎక్కడుంది?" అని అడుగుతారు. రెండూ మంచి ప్రశ్నలే. వాటికి జవాబు వెదకబోతే ఒక మనిషి జీవితకథ ఎదురౌతుంది. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. గడియారాలు, రేడియోలు బాగుచేసుకొని బ్రతికిన అనాథ. పేరు ఇకుతారో కకెహాషి. దేశం జపాను.

రోగి మంచం మీద రేడియోలు

కకెహాషి 1930లో ఒసాకా నగరంలో పుట్టాడు. రెండేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులిద్దరూ క్షయవ్యాధితో చనిపోయారు. తాతగారింట పెరిగాడు. యుద్ధకాలంలో, ఇంకా మీసాలైనా రాని వయసులో ఓడల కార్మాగారంలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక, ఆరోగ్యం చాలదని పైచదువులో చేర్చుకోలేదు. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ క్యూషూ ద్వీపానికి వెళ్ళి గడియారాల దుకాణంలో పనికి కుదిరాడు. కొన్ని నెలలు పని నేర్చుకొని, పదహారేళ్ళకే సొంత దుకాణం పెట్టుకున్నాడు. గడియారాలతోపాటు రేడియోలు కూడ బాగుచేసేవాడు.

చదువు మీద ఆశ చావక మళ్ళీ ఒసాకా చేరాడు. అక్కడ తల్లిదండ్రులను పొట్టనపెట్టుకున్న ఆ జబ్బే తనకూ సోకింది. కొన్నేళ్ళపాటు ఆసుపత్రే ఇల్లయింది. ఆ మంచం మీద కూడ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తోటి రోగుల గడియారాలు, రేడియోలు బాగుచేసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నాడు. అప్పుడే స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు వచ్చింది. దానిని రోగులకు ఇచ్చి పరీక్షించేటప్పుడు, ఆ పరీక్షకు ఎన్నికైనవారిలో ఆయన ఒకడు. మందు పనిచేసింది. ఏడాది తిరగకముందే కోలుకున్నాడు. 1954లో ఒసాకాలో విద్యుత్ సామాన్ల దుకాణం తెరిచాడు.

వాయించడం రానివాని కోరిక

పాట వినడమంటే ఆయనకు ప్రాణం. వాయించడం మాత్రం నేర్చుకోలేదు. కాబట్టి తనవంటివాడు కూడ సులువుగా వాయించగల వాద్యం చేయాలని కోరుకున్నాడు. మొదట థెరమిన్ చేసి చూశాడు. రష్యా దేశస్థుడైన లెవ్ థెరమిన్ 1920లో కనిపెట్టిన ఈ వాద్యాన్ని ముట్టుకోనక్కరలేదు. దగ్గర గాలిలో చేతులు ఆడిస్తే స్వరం పలుకుతుంది. చూడడానికి వింతే గాని వాయించడం మహా కష్టం. దానిని విడిచి విద్యుత్ ఆర్గన్ వైపు తిరిగాడు. 1960లో ఏస్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ పెట్టాడు.

1964లో తాళం మోగించే ఒక పెట్టెను అమెరికాలోని వాద్యాల ప్రదర్శనకు తీసుకొనిపోయాడు. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మీట చేత్తో నొక్కాలి. అందరూ చూశారు, ఎవరూ కొనలేదు. తిరిగివచ్చి మూడేళ్ళు శ్రమపడ్డాడు. 1967లో తనంతట తానే వాయించే పెట్టె తయారైంది. అందులో పదహారు రకాల నడకలు. ఈసారి అమెరికాలోని హమ్మండ్ కంపెనీ దానిని తన ఆర్గన్లలో అమర్చుకుంది. హమ్మండ్ పేరు అక్కడి సంఘాలకు బాగా తెలిసినదే. గొట్టాల ఆర్గన్ కొనే స్తోమతు లేని అనేక చర్చీలు 1935 నుండి హమ్మండ్ ఆర్గన్ కొనుక్కున్నాయి.

1972లో కకెహాషి ఆ మొదటి కంపెనీని విడిచి రోలాండ్ అనే కొత్త కంపెనీ స్థాపించాడు. మన పాటగాళ్ళు కీబోర్డుల మీద చదివే ఆ పేరు ఆయన పెట్టినదే.

చర్మం లేని డోలు

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. డోలు కొడితే చర్మం అదురుతుంది. ఆ అదురు గాలిని కదిపితే మన చెవికి శబ్దమౌతుంది. సింథసైజర్ అనే యంత్రంలో చర్మానికి బదులు విద్యుత్తు అదురుతుంది. స్పీకరు దానిని గాలికి అందిస్తుంది. సెకనుకు 50 సార్లు అదిరితే పెద్ద డోలు వంటి బొంగురు ధ్వని, 1000 సార్లు అదిరితే సన్నని ధ్వని. ఆ ధ్వని ఒక్కసారిగా లేచి వెంటనే చల్లారిపోతే దెబ్బలా వినిపిస్తుంది. మెల్లగా లేచి నిలిచి ఉంటే పిల్లనగ్రోవిలా వినిపిస్తుంది. మరి తాళాల చప్పుడు? స్టేషను దొరకనప్పుడు రేడియోలో వచ్చే బుస్సుమనే రొద తెలుసు కదా! దానిని తునకలుగా కోసి వదిలితే తాళాల చప్పుడు అవుతుంది. ఎదురింటి పాట తలుపు మూస్తే మందంగా, తీస్తే స్పష్టంగా వినిపిస్తుంది గదా. ధ్వనిని అలాగే మార్చే ఫిల్టరు కూడ యంత్రంలో ఉంటుంది.

1980లో రోలాండ్ వారు టి.ఆర్.-808 అనే తాళయంత్రం తెచ్చారు. నిజమైన డ్రమ్ముల చప్పుడు రికార్డు చేసి దాచే చిప్పులు అప్పట్లో చాలా ఖరీదు. అందుకని ప్రతి ధ్వనినీ విద్యుత్తుతోనే పుట్టించారు. ఇతరులు పనికిరావని పక్కన పెట్టే లోపమున్న ట్రాన్సిస్టర్లను ఏరి కొనుక్కొని, వాటి చిటపటలనే వాడుకున్నారు. అది అసలు డ్రమ్ములా లేదని చాలామంది పెదవి విరిచారు. సుమారు 12,000 యంత్రాలు చేసి 1983లో ఆపివేశారు. పాత యంత్రాలు చౌకగా అమ్ముడుపోయాయి. అమెరికా నగరాల్లోని పేద యువకులు వాటిని కొని, ఎవరూ వినని కొత్త సంగీతం చేశారు. నేడు ఆ ధ్వని లోకమంతటా వినిపిస్తోంది.

అందరికీ ఒకే భాష

కకెహాషి చేసిన పనుల్లో గొప్పది ఇది కాదు. ఆ రోజుల్లో ఒక కంపెనీ కీబోర్డును మరో కంపెనీ యంత్రానికి కలపడం సాధ్యమయ్యేది కాదు. ఒకరు తెలుగు, మరొకరు జపానీ మాట్లాడినట్టు ఉండేది. కొన్నవాడు చచ్చినట్టు ఆ కంపెనీ సామానే కొనాలి. వ్యాపారికి ఇది లాభమే. అయినా కకెహాషి 1981లో పోటీ కంపెనీల వారి దగ్గరకు వెళ్ళి, "మనకందరికీ ఒకే పద్ధతి ఉండాలి" అని ప్రతిపాదించాడు. అమెరికాలో డేవ్ స్మిత్ అనే ఇంజనీరు చేయి కలిపాడు. జపానులో యమహా, కోర్గ్, కవాయి కంపెనీలు వచ్చాయి. 1983 జనవరిలో అమెరికా ప్రదర్శనలో స్మిత్ కంపెనీ కీబోర్డును, రోలాండ్ కీబోర్డును ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండవది పలికింది!

ఆ పద్ధతి పేరు మిడి. ఆ తీగలో పాట ప్రవహించదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే పోతుంది. దీనిని వాడుకున్నందుకు ఏ కంపెనీ ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. అందుకే చిన్న కంపెనీలు కూడ దానిని తమ వాద్యాల్లో పెట్టుకోగలిగాయి. 2013లో వీరిద్దరికీ సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు. కకెహాషి 2017లో తన 87వ యేట కన్నుమూశాడు. స్మిత్ 2022లో మరణించాడు.

వాయించే బిడ్డలకు

విద్యుత్తు అదురైనా చర్మం అదురైనా చెవికి చేరేది గాలి కదలికే. కాబట్టి కీబోర్డు అబద్ధపు వాద్యమేమీ కాదు. అయితే దానికి ఒక లోపముంది: అది ఎవరి పాటా వినదు. ముసలమ్మలు చరణం చివర ఊపిరి తీసుకోవడానికి ఆగితే తబలా వాయించే అన్న ఆగుతాడు, యంత్రం ఆగదు. సంఘం వెనుకబడుతుంటే వేగం తగ్గించండి. అప్పటికీ కుదరకపోతే తాళం మీట ఆపివేసి స్వరాలు మాత్రమే వాయించండి. పాట ఎత్తు అందకపోతే ట్రాన్స్‌పోజ్ మీటతో శ్రుతి దించండి. నలుగురూ పాడగలిగినదే సరైన శ్రుతి.

మన కీర్తనల పుస్తకంలో అనేక కీర్తనల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. కీబోర్డులో సాధారణంగా ఉండే నడకలు మూడు, నాలుగు దెబ్బలవే. ఏడు దెబ్బల మిశ్రచాపు కీర్తనను వాటిలో ఇరికిస్తే కీర్తన కుంటుతుంది. అటువంటి వాటికి తబలాయే కావాలి. కీబోర్డు కొన్నామని తబలాను అటక ఎక్కించకండి, తబలా అన్నను ఇంటికి పంపకండి.

కొత్తగా కొనేవారు వెనుకవైపు ఐదు రంధ్రాల గుండ్రని మిడి సాకెట్టు గాని, మిడి పనిచేసే యు.ఎస్.బి. గాని ఉందేమో అడిగి చూసుకోండి. అది ఉంటే తగిన తీగతో కంప్యూటరుకు కలిపి, వాయించినదాన్ని దాచి, తప్పులు దిద్దుకోవచ్చు. గురువు దొరకని ఊళ్ళో నేర్చుకొనే పిల్లలకు అది చాలా సహాయం.