రాయబారికి సంకెళ్ళు లేవు!

హనుమంతుణ్ణి చంపమని రావణుడు ఆజ్ఞాపించినప్పుడు, దూతను చంపడం ధర్మం కాదని విభీషణుడు అడ్డుపడ్డాడు. చివరకు తోకకు నిప్పంటించి సరిపెట్టారు. (ఆ సరిపెట్టడం లంకకు ఎంత ఖరీదయిందో పాఠకులకు తెలుసు.)

నేటి రాయబారి విషయంలో ఆ మాత్రం కూడా కుదరదు. 1961లో వియన్నాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆయనను అరెస్టు చేయరాదు, క్రిమినల్ కేసు నడపరాదు. అనుమతి లేనిదే ఆయన కార్యాలయంలో పోలీసులు అడుగుపెట్టరాదు. ముద్ర వేసిన సంచీ విప్పరాదు. మన పార్లమెంటు కూడా 1972లో దీన్ని చట్టం చేసింది.

ఇదంతా నిన్నా మొన్నటిది కాదు. 1708లో లండన్ వీధిలో రష్యా రాయబారి మత్వేయెవ్‌ను అప్పులవాళ్ళు పట్టి బంధింపజేశారు. పీటర్ చక్రవర్తి మండిపడ్డాడు. ఆన్ రాణి క్షమాపణ చెప్పుకోవలసివచ్చింది. రాయబారుల జోలికి పోరాదని అక్కడి పార్లమెంటు చట్టం చేసింది.

బాగానే వుంది. కాని అదే లండన్‌లో 1984 ఏప్రిల్ 17న జరిగింది తలుచుకుంటే, ఇదెక్కడి న్యాయమని నాకనిపిస్తుంది. ఆ రోజు సెయింట్ జేమ్స్ స్క్వేర్‌లోని లిబియా కార్యాలయం ఎదుట గడాఫీ వ్యతిరేకులు ప్రదర్శన జరుపుతున్నారు. ఉన్నట్టుండి కిటికీలలోనుంచి తుపాకి పేలింది. కాపలాకు వచ్చిన పోలీసు ఉద్యోగిని ఇవాన్ ఫ్లెచర్ నేలకొరిగింది. ఆమె వయస్సు 25 ఏళ్ళు. ఆమె టోపీ రోజుల తరబడి ఆ వీధిలోనే పడివుంది. హంతకుడు ఎదుటి గోడల వెనకే వున్నాడు. పోలీసులు భవనం చుట్టూ కాపు వేశారే గాని లోపలికి పోలేదు. బ్రిటన్ సంబంధాలు తెంచుకున్నది. 11వ రోజున లోపలివారంతా బయటకు వచ్చి విమానమెక్కి వెళ్ళిపోయారు. వారి ముద్రల సంచులనూ ఎవరూ విప్పలేదు.

ఎందుకు వదిలారు? ట్రిపోలీలో బ్రిటిషు రాయబారి, సిబ్బంది, వారి ఆలుబిడ్డలు వున్నారు. అక్కడి కార్యాలయాన్ని గడాఫీ మనుషులు చుట్టుముట్టి వున్నారు. లండన్‌లో తలుపు పగిలితే ట్రిపోలీలోనూ పగులుతుంది. రాయబారిగారి ముఖం చూసి ఇచ్చే మర్యాద కాదిది. మనవాడు వాళ్ళ చేతిలో వున్నాడు గనుక ఇచ్చేది.

ఆతిథ్యమిచ్చిన దేశం చేయగలిగిందల్లా, కారణం కూడా చెప్పనక్కరలేకుండా, ‘ఈయన మాకు వద్దు’ అని పంపించివేయడం. రక్షణను వదులుకునే హక్కు మాత్రం పంపిన దేశానిదే, రాయబారిది కాదు. 1997 జనవరిలో వాషింగ్టన్‌లో జార్జియా దౌత్యాధికారి ఒకరు తాగి కారు నడిపి 16 ఏళ్ళ అమ్మాయి ప్రాణం తీశాడు. జార్జియా అధ్యక్షుడు షెవర్నాడ్జే ఆయన రక్షణను తొలగించారు. అమెరికా కోర్టు 7 నుంచి 21 ఏళ్ళ వరకు జైలుశిక్ష విధించింది.

లిబియా ఫ్లెచర్ మరణానికి బాధ్యత తనదని 1999లో ఒప్పుకుని, ఆమె కుటుంబానికి నష్టపరిహారం ఇచ్చింది. కాల్చినవాణ్ణి మాత్రం అప్పగించలేదు.