పచ్చబడ్డ చేపల తొట్టికి మందు కొత్త నీళ్లు కాదు

ఎండలు ముదిరితే కోలారు జిల్లాలో చేపల తొట్టి ఉన్న ఇళ్లలో ఈ బాధ మామూలే. నిన్నటిదాకా తేటగా ఉన్న నీళ్లు రెండు మూడు రోజుల్లో పెసరకట్టులా చిక్కగా, పచ్చగా మారతాయి. చేప గాజు దగ్గరికొస్తే తప్ప కనబడదు. రాబర్ట్‌సన్‌పేటలోనైనా, బంగారపేటలోనైనా చాలామంది అప్పుడు చేసే పని ఒకటే: నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపడం. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే చోట ఆ పారబోత చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా దానివల్ల పచ్చదనం పోదు కూడా.

అపోహ: నీళ్లు మురికైతేనే పచ్చబడతాయి, మొత్తం మార్చేస్తే సరి.

అది మురికి కాదు, ప్రాణమున్న నాచు. ఒక్కో కణం సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, అందుకే మామూలు స్పాంజి ఫిల్టరుకు చిక్కదు. వెలుతురు, నత్రజని, భాస్వరం దండిగా దొరికితే ఒక్క రోజులోనే రెట్టింపు కాగలదు. గులకరాళ్లను అంటుకుని మిగిలినది చాలు, మళ్లీ తొట్టంతా అల్లుకోవడానికి.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. చాలా ఊళ్ల బోరు నీళ్లలో నైట్రేటు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. ఆ గీత దాటిన బోర్లు ఇక్కడ తక్కువేమీ కాదు. పొలాలకు వేసిన ఎరువు, పేడదిబ్బల ఊట, మరుగుదొడ్ల గుంతల నీరు ఏళ్ల తరబడి నేలలోకి ఇంకుతూనే ఉన్నాయి. అలాంటి నీళ్లు తొట్టినిండా పోస్తే నాచుకు చేతులారా ఎరువు వేసినట్టే. ఒక్కసారిగా నీళ్లు మారితే చేపలు కూడా తట్టుకోలేవు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

అపోహ: కాచి చల్లార్చి పోస్తే నాచు రాదు.

కాస్తే నైట్రేటు ఆవిరైపోదు. నీళ్లు తగ్గి అది ఇంకా చిక్కబడుతుంది. టీడీఎస్ మీటరును కూడా నమ్ముకోవద్దు, అది కరిగిన లవణాల మొత్తం అంచనా చెబుతుందే గానీ అందులో నైట్రేటు ఎంతో చెప్పదు. దానికి వేరే టెస్ట్ కిట్ కావాలి. ఆర్‌ఓ నీళ్లలో నైట్రేటు చాలామటుకు తగ్గుతుంది. అయితే చేపలకు అవసరమైన ఖనిజాలూ పోతాయి కాబట్టి బోరు నీళ్లతో కలిపి వాడాలి.

అపోహ: చెరువు నీళ్లు సహజమైనవి, అవే మేలు.

2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. అది రెండో దశ వరకే శుద్ధి అయిన నీరు, నత్రజని, భాస్వరం అందులో మిగిలే ఉంటాయి. ఎండిన చెరువులు నిండాయంటే సంతోషమే. ఆ నీటిని మాత్రం ఇంటి తొట్టిలోకి తేవద్దు.

కేజీఎఫ్‌లో బంగారు గనుల సైనైడ్ దిబ్బల దుమ్ము వల్లే నీళ్లు పచ్చబడుతున్నాయని అనుమానం పడేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. పచ్చనీళ్లు రెండు గాజు సీసాల్లో పోసి, ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెట్టండి. కొన్ని రోజులకు కిటికీలోది చిక్కబడుతుంది, బీరువాలోది వెలిసిపోతుంది. గని దుమ్ము రంగే అయితే చీకటికి పోదు కదా.

అపోహ: సక్కర్ చేపను వేస్తే తినేస్తుంది.

అది గాజుకు, రాళ్లకు పట్టిన నాచును గీకుతుంది. నీళ్లలో తేలే కణాలను పట్టలేదు. పెరిగి అడుగు దాటాక భరించలేక బేతమంగళ చెరువులోనో పాలారులోనో వదిలే ఆలోచన అసలే చేయకండి. ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో ఇలాంటి చేపలే పాకిపోయి జాలర్ల వలలు చింపుతున్నాయి.

అపోహ: పచ్చనీళ్లు చేపలకు విషం, మైలుతుత్తం వేయాల్సిందే.

హేచరీల్లో చేపపిల్లల కోసం పచ్చనీళ్లను కావాలనే పెంచుతారు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అదే కారణం కావచ్చు. రాత్రంతా గాలి పంపు నడపండి. మైలుతుత్తం జోలికి మాత్రం పోవద్దు. అందులోని రాగి నత్తలకు, రొయ్యలకు విషం, మోతాదు మించితే చేపలకూ విషమే. నాచంతా ఒక్కసారిగా చచ్చి కుళ్లితే ఆక్సిజన్ కూడా అడుగంటుతుంది.

మరి చేయాల్సిందేమిటి? తొట్టిని మందపాటి దుప్పటితో కప్పి మూడు నాలుగు రోజులు పూర్తి చీకటిలో ఉంచండి. మేత ఆపండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఆ పస్తు లెక్కలోది కాదు. పిల్లచేపలున్న తొట్టికి ఈ పద్ధతి వద్దు. గాలి పంపును ఆపొద్దు. తర్వాత మూడో వంతు నీళ్లు మార్చండి, ఎందుకంటే చచ్చిన నాచు నుంచి అమ్మోనియా వస్తుంది. ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి, అందులోని మేలుచేసే బ్యాక్టీరియా బతుకుతుంది. యూవీ దీపం పెట్టుకుంటే పని ఇంకా తేలిక, కానీ అది నాచును చంపుతుందే తప్ప నైట్రేటును తీయదు. తీసేవి మొక్కలు. అంతరతామర లాంటి తేలే మొక్కలను పెంచి, వారానికోసారి గుప్పెడు తీసి పూలకుండీల్లో వేయండి, మొక్కతోపాటు నైట్రేటూ బయటికొస్తుంది. వాటిని చెరువులోకి విసరవద్దు. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపి, లైటును రోజుకు ఆరేడు గంటలే వెలిగించి, రెండు నిమిషాల్లో చేపలు తినేంతే మేత వేయండి.