రూటర్లకూ ఓ ఇంటిపేరు: డొమైన్ ఐడెంటిఫయర్ ఎందుకు సరిపోలాలి?

సూరత్‌లోని తెలుగువారి వాడల్లో కొత్త మనిషి కనిపిస్తే పెద్దలు ముందుగా అడిగేది ఇంటిపేరు, ఆ తర్వాత ఊరు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలకు ఇంటిపేరే బంధుత్వానికి ఆనవాలు. ఆ నగర వస్త్ర వ్యాపారానికి ఆధారమైన కంప్యూటర్ నెట్‌వర్క్‌లలోనూ ఇలాంటి ఆనవాలు ఒకటుంది. దానిని డొమైన్ ఐడెంటిఫయర్ అంటారు. అది సరిపోలకపోతే రూటర్లు సొంత ఇంటి మనిషినే పరాయివాడిగా లెక్కగడతాయి.

రింగ్ రోడ్డు మార్కెట్‌లో కార్యాలయం, సచిన్ పారిశ్రామికవాడలో కర్మాగారం ఉన్న ఒక సంస్థను ఊహించుకుందాం. రెండింటినీ ఒక టెలికాం సంస్థ తన నెట్‌వర్క్ మీదుగా ప్రత్యేక లైనుతో కలుపుతుంది. ఆ లైను తెగితే పని ఆగకుండా, వేగం తక్కువైన మరో లైను అదనంగా ఉంటుంది. సంస్థ రూటర్లు ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో దారులను వెతుక్కుంటాయి. టెలికాం సంస్థ ఆ సమాచారాన్ని బీజీపీ అనే మరో పద్ధతిలోకి మార్చి మోసుకెళ్లి, అవతలి కొసన మళ్లీ ఓఎస్‌పీఎఫ్‌లోకి మారుస్తుంది.

ఈ మార్పిడిలో అసలు సంబంధం చెరిగిపోకుండా, ప్రతి దారి సమాచారానికీ డొమైన్ ఐడెంటిఫయర్‌ను జతచేస్తారు. ఈ విధానాన్ని ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ 2006లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 4577 పత్రం నిర్దేశించింది. రెండు కొసల్లో ఆ గుర్తు ఒకటే అయితే, ఆ దారి సొంత నెట్‌వర్క్‌లోనిదిగా చేరుతుంది. వేరైతే బయటి దారిగా నమోదవుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఓఎస్‌పీఎఫ్ ఎప్పుడూ లోపలి దారికే పెద్దపీట వేస్తుంది. బయటి దారి ఎంత వేగవంతమైనదైనా పోలిక దాకా కూడా రాదు. ఫలితంగా అద్దె చెల్లిస్తున్న ప్రధాన లైను ఖాళీగా ఉంటుంది. రాకపోకలన్నీ అదనపు లైనులో ఇరుక్కుంటాయి. ఏ తీగా తెగలేదు, ఏ దీపమూ ఆరలేదు. అయినా బిల్లులు కదలవు. రాష్ట్రం దాటే 50,000 రూపాయలకు మించిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి కనుక, అది తయారయ్యేదాకా లారీ గేటు దగ్గరే నిలబడుతుంది.

పొరపాటు ఎలా జరుగుతుంది?

సిస్కో రూటర్లలో ఈ గుర్తును విడిగా రాయకపోతే, ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్ సంఖ్య నుంచే అది తయారవుతుంది. టెలికాం సంస్థకు చెందిన ఒక రూటర్‌లో ఇంజినీరు 100 అనీ, మరో రూటర్‌లో ఇంకొకరు 200 అనీ రాస్తే రెండు ఇంటిపేర్లు పుట్టినట్టే. ప్రాసెస్ సంఖ్య ఆ రూటర్‌కు మాత్రమే పరిమితమన్నది సాధారణంగా నిజమే. కానీ ఈ సందర్భంలో దాని ప్రభావం అవతలి కొస దాకా వెళుతుంది.

పరిష్కారం కష్టం కాదు. టెలికాం సంస్థ రెండు అంచు రూటర్లలోనూ ఒకే డొమైన్ ఐడెంటిఫయర్‌ను స్పష్టంగా నమోదు చేయాలి. తర్వాత వినియోగదారు రూటర్‌లోని దారుల పట్టిక చూడాలి. అవతలి కార్యాలయపు దారి ఎదుట ‘ఓ ఐఏ’ అని ఉంటే సొంతదిగా గుర్తించినట్టు. ‘ఓ ఈ2’ అని ఉంటే బయటిదిగా లెక్కించినట్టు. రెండు కార్యాలయాలూ ఓఎస్‌పీఎఫ్‌లోని ఒకే ఏరియాలో ఉండి, అదనపు లైను కూడా అందులోనే ఉంటే ఇది ఒక్కటే చాలదు. షామ్ లింక్ అనే అదనపు ఏర్పాటు కావాలి.

గుర్తులు వేరుగా ఉండటం ప్రతిసారీ తప్పు కాదు. రెండు వేర్వేరు సంస్థలు విలీనమైనప్పుడు, వాటి నెట్‌వర్క్‌లను కొంతకాలం విడిగా ఉంచడానికి ఇంజినీర్లు కావాలనే వేర్వేరు గుర్తులు ఇస్తారు. తెలిసి చేసిన తేడా ఏర్పాటు అవుతుంది, తెలియక వచ్చినది లోపమవుతుంది. అందుకే కొత్త లైను తీసుకునే రోజునే, రెండు కొసల్లోనూ ఈ గుర్తు ఏమిటో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం వ్యాపారులకు మేలు.