వెచ్చదనం ఇంటికా, ఒంటికా?

1977 ఫిబ్రవరి 2న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉన్ని స్వెట్టర్ వేసుకుని టీవీలో కనిపించారు. ఆ శీతాకాలం చలి విపరీతం, ఇళ్లను వెచ్చబెట్టే గ్యాస్‌కు కటకట. ఇంటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను పగలు 65 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రి 55 దగ్గర పెట్టుకోమని ఆయన జనాన్ని కోరారు. సెల్సియస్‌లో చెప్పాలంటే సుమారు 18, 13.

రాత్రి హీటింగ్ తగ్గిస్తే, తెల్లారాక ఇల్లు మళ్లీ వేడెక్కడానికి అంతకంతా ఖర్చవుతుందని భయపడేవాళ్లు అమెరికాలో ఉన్న మనవాళ్లలోనూ ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు. లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువైతే ఇంట్లోంచి వేడి అంత త్వరగా పోతుంది. ఇల్లు చల్లబడేకొద్దీ ఆ నష్టమూ తగ్గుతుంది. రోజుకు 8 గంటలు 7 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గించి ఉంచితే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అక్కడి ఇంధన శాఖ లెక్క. బయటి వేడిని లోపలికి లాగే హీట్ పంపు ఉన్న ఇళ్లలో మాత్రం ఈ ఆదా అన్నివేళలా దక్కదు.

థర్మోస్టాట్ వెనుక ఒక పంతులుగారి విసుగుంది. విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ పాఠం చెబుతుంటే, గదిలో వేడి సరిపోయిందో లేదో చూడడానికి పనివాడు మాటిమాటికీ లోపలికి వచ్చేవాడు. ఆ కబురేదో కింద బాయిలర్ దగ్గరికే చేరేలా ఆయన ఒక విద్యుత్ పరికరం కనిపెట్టి, 1883లో పేటెంట్ తీసుకున్నారు.

చలికాలంలో సీలింగ్ ఫ్యానా! అమెరికాలో అమ్మే చాలా ఫ్యాన్లకు ఓ చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని మారిస్తే రెక్కలు వెనక్కి తిరుగుతాయి. కప్పు కింద పేరుకున్న వేడిగాలి గోడల వెంబడి కిందికి దిగుతుంది. స్పీడు మాత్రం తక్కువలోనే ఉండాలి.

జపాన్‌లో కొటాట్సు అని ఒకటుంది. పొట్టి బల్ల, దాని అడుగున చిన్న కరెంటు హీటరు, నాలుగు వైపులా నేల దాకా జారే బొంత. ఇంటిల్లిపాదీ కాళ్లు లోపల పెట్టుకుని అక్కడే తింటారు, చదువుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. గదంతా వేడెక్కించే పనే లేదు. కశ్మీరీల కాంగ్డీ దీనికన్నా చిన్నది. అల్లిన బుట్టలో మట్టిపాత్ర, అందులో నివురుగప్పిన బొగ్గులు. ఫెరన్ అనే వదులు అంగీ లోపల పెట్టుకుని వీధిలోకీ వెళ్లొస్తారు. ఇంటిని వదిలేసి మనిషిని వెచ్చబెట్టే ఈ తెలివి నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. అయితే కాంగ్డీని ఏళ్ల తరబడి ఒంటికి ఆనించి ఉంచితే చర్మ క్యాన్సర్ ముప్పుంది.

లద్దాఖ్‌లో, లేహ్‌కు దగ్గర్లోని ఫే గ్రామంలో సెక్మాల్ విద్యాసంస్థ భవనాలన్నీ మట్టి గోడలవి, దక్షిణం వైపు తిరిగి ఉంటాయి. చలికాలం రాగానే ఆ వైపు ప్లాస్టిక్ షీటు కడతారు. పగలు ఎండకు కాగిన మందపాటి గోడలు రాత్రంతా ఆ వేడిని గదుల్లోకి వదులుతాయి. ఎండలు ముదరకముందే షీటు విప్పేస్తారు.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి కూడా దాదాపు 100 వాట్ల వేడి బయటికొస్తుంది. స్టాక్‌హోం సెంట్రల్ స్టేషన్లో ప్రయాణికుల ఒంటి వేడిని రాబట్టి, పక్కనే ఉన్న ఆఫీసు భవనానికి పంపుతున్నారు.

ఇక కరెంటు హీటర్ల సంగతి. కాయిల్ హీటరైనా, ఖరీదైన ఆయిల్ హీటరైనా 2,000 వాట్లదైతే గంటకు 2 యూనిట్ల కరెంటు కాలుతుంది, ఇచ్చే వేడీ ఒకటే.

లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్ల తప్ప మనకు గది వెచ్చబెట్టుకునే అవసరం తక్కువ. చలికాలం కరెంటు ఎక్కువగా స్నానాల నీళ్లకే పోతుంది. 20 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు 2 యూనిట్లన్నమాట.

ఇక కరెంటు ఆదా అవుతుంది కదా అని బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని, తలుపులు బిగించి పడుకోవద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవడం అయ్యాక, పక్క ఎక్కేముందే కుంపటిని వాకిట్లో పెట్టేయండి.