నిద్రపోని చెవి: ఓడల రేడియోలో 70వ ఛానల్



మన అగళికి సముద్రం చాలా దూరం. కానీ మన రాష్ట్రంలో విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి చోట్ల జాలర్లు పడవలేసుకుని వేటకు పోతారు. సముద్రం మీద చెట్టూ ఉండదు, గుట్టా ఉండదు, అడిగేదానికి మనిషీ ఉండడు. అక్కడ ఆపద వస్తే ఎట్ల పిలవాలి? ఈ సంగతే ఈసారి రాస్తున్నాను.

ముందు ఒక పాత సంగతి. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను గుద్దుకుంది. కాపాడండని వైర్‌లెస్‌లో పిలిచింది. దగ్గరలోనే కాలిఫోర్నియన్ అనే ఇంకో ఓడ ఉండింది. కానీ అందులో వైర్‌లెస్ వినే మనిషి ఒక్కడే. అతను అప్పటికే పని ముగించి పడుకున్నాడు. పిలుపు పోయింది గాని వినే చెవి లేదు. 1500 మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు ఓడల్లో వి.హెచ్.ఎఫ్. రేడియో ఉంటుంది. ఇది పాటలు వినే రేడియో కాదు. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. ఇందులో చాలా ఛానళ్లు ఉంటాయి. 16వ ఛానల్ ఆపద కోసం, మొదట పిలవడం కోసం. కానీ ఇంజను మోతలో, గాలివానలో ఆ మాట వినబడకపోవచ్చు. వినే మనిషి పక్కకు పోయి ఉండొచ్చు.

అందుకే డి.ఎస్.సి. వచ్చింది. అంటే డిజిటల్ సెలెక్టివ్ కాలింగ్. మన మాటల్లో చెప్పాలంటే నంబరు పెట్టి పిలవడం. హాస్టల్ మైకులో "లక్ష్మీ, రా" అంటే ముగ్గురు లక్ష్ములు పరుగెత్తుతారు. రోల్ నంబరు చెప్తే ఒక్కతే వస్తుంది. ఇదీ అట్లాంటిదే.

ప్రతి రేడియోకూ తొమ్మిది అంకెల నంబరు ఇస్తారు. దాన్ని ఎం.ఎం.ఎస్.ఐ. అంటారు. మన దేశం ఓడల నంబర్లు 419తో మొదలవుతాయి. ఒడ్డున ఉండే స్టేషన్ అయితే ముందు రెండు సున్నాలు ఉంటాయి. ఓడల గుంపుకు ఒకే నంబరు ఉంటే ముందు ఒక సున్నా ఉంటుంది.

ఈ పిలుపులు 70వ ఛానల్‌లో పోతాయి. అందులో నోటితో మాట్లాడకూడదు, యంత్రాలే మాట్లాడుకుంటాయి. డి.ఎస్.సి. ఉన్న రేడియో వేరే ఛానల్‌లో మాట్లాడుతున్నా 70ని వింటూనే ఉంటుంది. ఇదే నిద్రపోని చెవి.

మామూలుగా పిలిచే పద్ధతి:
1. మెనూలో ఒక్కరిని పిలిచేది ఎంచుకోవాలి.
2. వాళ్ల తొమ్మిది అంకెల నంబరు కొట్టాలి.
3. ఏ ఛానల్‌లో మాట్లాడదామో పెట్టి పంపాలి.
4. అవతల ఫోను మాదిరి గంట మోగుతుంది. వాళ్లు ఒప్పుకుంటే ఇద్దరూ ఆ ఛానల్‌లో మాట్లాడుకోవచ్చు.

ఆపదలో పిలిచే పద్ధతి:
1. రేడియో మీద మూత వేసిన ఎర్ర బటన్ ఉంటుంది. మూత ఎత్తాలి.
2. టైము ఉంటే మంటలా, మునుగుతోందా అని మెనూలో ఎంచుకోవాలి. లేకపోతే వదిలెయ్యొచ్చు.
3. బటన్‌ను కొన్ని సెకండ్లు నొక్కి పట్టుకోవాలి. ఊరికే తగిలితే పోకుండా ఇట్ల పెట్టారు.
4. మన నంబరు, ఉన్న చోటు, టైము అన్నీ కలిసి పోతాయి. దగ్గరలో ఉన్న డి.ఎస్.సి. రేడియోలన్నీ గట్టిగా మోగుతాయి.
5. తర్వాత 16వ ఛానల్‌కు వచ్చి "మేడే, మేడే, మేడే" అని, పడవ పేరు, ఉన్న చోటు, జరిగింది, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. మేడే అనేది నెలా కాదు, పండగా కాదు. నాకు సాయం చెయ్యండి అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.

జవాబు వచ్చేదాకా రేడియో సుమారు నాలుగు నిమిషాలకొకసారి మళ్లీ తానే పిలుస్తుంది. మనిషి మాట్లాడలేకపోయినా అది పిలుస్తూనే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. రేడియోకు జి.పి.ఎస్. కలిపి ఉండాలి. లేకపోతే చోటు మనమే కొట్టాలి. అదీ చెయ్యకపోతే ఆపద ఉందని తెలుస్తుంది గాని ఎక్కడో తెలియదు. ఇంకొకటి, పొరపాటున బటన్ నొక్కితే భయపడి ఊరుకోకూడదు. పిలుపు రద్దు చేసి, 16లో అందరికీ చెప్పాలి. లేదంటే వెతికేవాళ్లు నిజంగా మునిగేవాళ్లను వదిలి ఇటు వస్తారు.

అయితే ఇది అన్నిటికీ మందు కాదు. వి.హెచ్.ఎఫ్. అలలు నేరుగా పోతాయి. భూమి గుండ్రం కాబట్టి చాలా దూరం అందవు. చిన్న పడవ నుంచి ఇంకో చిన్న పడవకు పది, పదిహేను కిలోమీటర్లు అందితే గొప్ప. ఒడ్డున ఎత్తయిన టవర్ ఉంటే ఇంకా దూరం అందుతుంది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దగ్గర తుఫాను తీరం దాటింది. వేటకు పోయిన జాలర్లు వందలమంది తిరిగి రాలేదు. 1999 ఫిబ్రవరి 1 నుంచి దేశాల మధ్య తిరిగే పెద్ద ఓడలన్నిటికీ డి.ఎస్.సి. ఉండే కొత్త పద్ధతి పూర్తిగా తప్పనిసరి అయింది. ఆ రూలు పెద్ద ఓడలకే. చిన్న పడవకు కాదు. మన జాలర్ల కోసం ఇస్రో ఉపగ్రహం ద్వారా ఆపద తెలిపే చిన్న యంత్రం తయారుచేసింది. ఒడ్డున ఉండే ఇంటివాళ్లు కోస్ట్‌గార్డ్‌కు 1554 నంబరుకు ఫోను చేయవచ్చు.

పెద్ద ఓడలో మనిషి ప్రాణం ఎంతో చిన్న తెప్ప మీద మనిషి ప్రాణమూ అంతే. నిద్రపోని చెవి ఇద్దరికీ ఉండాలి.

చెప్పుకోండి చూద్దాం: 00419తో మొదలయ్యే నంబరు ఓడదా, ఒడ్డుదా? జవాబు పైనే ఉంది, మళ్లీ చదవండి!

— తొమ్మిదో తరగతి విద్యార్థిని