క్రొత్తకారు నెవరియొద్దఁ గొనవలయును?

మన ధర్మపురి ప్రాంతమువా రనేకులు గల్ఫు దేశములలోఁ గష్టించి సొమ్ము గూర్చుచున్నారు. అట్టివారితో నొక వర్తకుఁడు "దుబాయినుండి క్రొత్తకారును చౌకగాఁ దెప్పించెదను" అనినచో నేమి విచారింపవలయును? మాకుఁ దెలిసినంతవఱకు విన్నవించెదము.

దుబాయి కార్లకు స్టీరింగు సాధారణముగా నెడమవైపున నుండును. మన దిగుమతి నిబంధనలు కుడివైపున నుండవలయు నని విధించుచున్నవి. పరదేశపు కారును రిజిస్టరు చేయుటకు సుంకము చెల్లించిన పత్రము కావలయును. సుంకము నెగవేసి తెచ్చిన కారును 1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టముచేఁ గొన్నవానియొద్దనుండియైనను జప్తు చేయవచ్చును.

అధీకృత డీలరు ధర యెక్కువయైనను, 21వ ఫారమను అమ్మకపు పత్రమును, తయారుచేసిన సంస్థవారి వారంటీని ఇచ్చును. పెఱవర్తకుని కారునకు నా వారంటీ యిచ్చటఁ జెల్లకపోవచ్చును.

విద్యార్థులారా! పెద్దలు ధర నడుగునప్పుడు మీరు పత్రముల నడుగుఁడు. లోపము గనఁబడిననాఁడు బాధ్యత వహించువాఁ డెవఁడో యెఱిఁగి కొనుటయే నిజమైన చౌక.